ఎరుపైతే ఎరుపని

హైదరాబాద్,
12 జూన్ 2025

కోటిలింగం మావయ్యకి,

ఉత్తరం చూసి కంగారు పడకండి, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే మీరు "ఏటి? ఏటి?" అంటారు, నేను గొంతు చించుకుంటాను, పక్క ఫ్లాట్ వాళ్ళు మొగుడూ పెళ్ళాల గొడవనుకుంటారు. మీ ఇంజన్లు మీ చెవులు తినేశాయి కాబట్టి కాగితమే గతి. కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి. అత్తచేత చదివించుకోకండి.

ఆస్పత్రిలో ఒక పొరపాటు జరిగింది మావయ్యా. మే నెలాఖరున, వరసగా రెండు డ్యూటీలు చేసిన రోజు. మా ఐసీయూలో ఒక పెద్దాయనకి మామూలు సెలైన్ ఎక్కించాలి. పొటాషియం కలిపిన సంచి ఎక్కింది. ఆయన ఒంట్లో పొటాషియం అప్పటికే ఎక్కువ, ఇంకొంచెం పెరిగితే గుండె ఆగుతుంది. నాలుగు నిమిషాల్లో డాక్టరు చూసి తీసేశారు. పెద్దాయన బతికారు. మొన్న నడుచుకుంటూ ఇంటికెళ్ళారు, వెళ్తూ నాకు దండం కూడా పెట్టారు.

సంచులు ట్రేలో పెట్టి తెచ్చింది ఎవాంజలిన్, ఆర్నెల్ల కిందట చేరిన పిల్ల. తగిలించింది నేను. ఎవరి తప్పో తేల్చడానికి ఎంక్వైరీ వేశారు. జూలై 28న తేలుస్తారు. ఇద్దరిలో ఒకరు ఇంటికెళ్ళడం ఖాయం అంటున్నారు.

అప్పట్నుంచీ నా చేతులు నావి కావనిపిస్తోంది. బాబుకి నీళ్ళసీసా మూత పెట్టినా మూడుసార్లు చూసుకుంటున్నాను. ఒత్తిడి తగ్గాలని ఆస్పత్రివాళ్ళు మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు పెట్టారు. చేతిలో ఒక్క కిస్మిస్ పెట్టి అయిదు నిమిషాలు దాన్నే చూస్తూ, వాసన చూస్తూ, నెమ్మదిగా నమలమన్నారు. ఆ అయిదు నిమిషాల్లో నా ఫోన్ మూడుసార్లు మోగింది. తర్వాత కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించమన్నారు. కళ్ళు మూస్తే ఆ సంచే కనిపిస్తోంది.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. న్యూ సెటిల్‌మెంట్‌లో మనందరం ఉన్న రైల్వే క్వార్టర్లో మీరు డ్యూటీకి బయల్దేరేముందు వాకిట్లో నిలబడి ఏదో గొణిగేవారు. మీకు కంగారనేది నేనెప్పుడూ చూడలేదు. రోజూ అన్నేసి పెట్టెలు లాగిన మనిషికి అంత నిదానం ఎక్కడిది? ఆ గొణుగుడు ఏమిటో నాకు చెప్తారా?

మీ మేనకోడలు,
వినీత


ఖరగ్‌పూర్, ఖరిదా,
20 జూన్ 2025

చిరంజీవి వినీతకి,

నీ ఉత్తరం ముందు మీ అత్తే చదివింది. పోస్ట్‌మాన్ దాని చేతికిచ్చాడు, నేనేం చెయ్యను? చదివి, "ఏటయ్యా, పిల్లకి ఒక్క కిస్మిస్ ఇచ్చినారంట, అంత పెద్దాసుపత్రికి గతి నేదేటి?" అంది.

నేను ఇలా బడి తెలుగులో రాస్తున్నానని నవ్వకు. రైల్వే స్కూల్లో మా పంతులమ్మ బెత్తం ఇంకా నా వేళ్ళ మీదే ఉంది. కలం పడితే పుస్తకాల భాష వస్తుంది, నోరు తెరిస్తే మన ఖరగ్‌పూర్ తెలుగే.

నువ్వు అడిగిన గొణుగుడు సంగతి చెప్తాను. ఇంజన్లో ఇద్దరం ఉంటాం, డ్రైవరూ అసిస్టెంటూ. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు చెయ్యి ఎత్తి దాని రంగు పెద్దగా పలకాలి. డ్రైవరు తన కళ్ళతో చూసుకుని మళ్ళీ పలకాలి. పచ్చైతే పచ్చని, ఎరుపైతే ఎరుపని. దీన్ని మేము సిగ్నల్ పిలవడం అంటాం. ఒకే మనిషి కళ్ళూ ఒకే మనిషి బుర్రా చాలవని పెద్దలు పెట్టిన పద్ధతి. ఉద్యోగం అయిపోయినా నాకు ఆ అలవాటు పోలేదు. పొద్దున్నే లేచి "గ్యాస్, బంద్" అంటాను. "బీపీ మాత్ర, తెల్లది, ఒకటి" అంటాను. "తలుపు, గడియ పడింది" అంటాను. పాలుపోసే దాదా రోజూ అడుగుతాడు, "కాకూ, కార్ సంగే కథా బల్ఛో?" అని, ఎవరితో మాట్లాడుతున్నావని. నాతోనేరా నాయనా అంటాను.

నువ్వూ అలాగే చెయ్యి. ఏ పని చేస్తున్నావో ఆ పనిని పలుకు. చేసే చేతినీ చూసే కంటినీ ఒకచోట కట్టెయ్యడమే ఇందులో కిటుకు. నీళ్ళు తాగుతూ నీళ్ళే తాగు, ఫోను చూడకు. చిన్నప్పుడు నిన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తుంటే, లైను పక్కన సిగ్నల్ కనబడగానే "పచ్చ, మావయ్యా!" అని చెయ్యెత్తి అరిచేదానివి. నేను మళ్ళీ "పచ్చ" అనేదాకా ఊరుకునేదానివి కాదు. అంత బాగా పిలిచే అసిస్టెంటు నాకు దొరకలేదు. మొన్న గుడికి వెళ్తూ ఆ క్వార్టర్ ముందు నిలబడ్డాను. ఎవరో బొప్పాయి చెట్టు వేశారు. మీ అమ్మ ముగ్గు పెట్టే చోటే వేశారు. మీ అమ్మ పోయి ఆరేళ్ళయినా, ఆ చోట కాలు పెట్టబుద్ధి కాలేదు.

ఇక ఎంక్వైరీ గురించి. నువ్వేం భయపడకు. అసిస్టెంటు సరిగ్గా పిలవకపోతే డ్రైవరు ఏం చేస్తాడు? ఆ పిల్ల సంచి తెచ్చింది కాబట్టి చదివి చెప్పాల్సింది తనే. ఎంక్వైరీకి రాసిచ్చే కాగితంలో అదే పెట్టు. పెద్దవాళ్ళ మాటకే విలువ ఉంటుంది.

ఇంకో మాట. నీ మొగుడు ఇంట్లో చెయ్యి తడపడని నాకు అర్థమైంది. రెండు డ్యూటీలు చేసిన ఆడపిల్ల ఇంటికొచ్చి వంట చేస్తే చేతులు వణక్క ఏమవుతాయి? నిఖిలేష్‌కి విడిగా రాశాను. కాస్త గట్టిగానే రాశాను.

మీ అత్త ఆశీస్సులు. నావి కూడా.
కోటిలింగం


హైదరాబాద్,
29 జూన్ 2025

మావయ్యా,

మీరు నిఖిలేష్‌కి ఏం రాశారు? పాపం ఆయన మా ఇంట్లో వంటమనిషీ, చాకలీ, బాబు హోంవర్కు మాస్టారూ. నేను డ్యూటీకి పోతే టిఫిన్ డబ్బా కట్టేది ఆయనే. మీ ఉత్తరం చదివి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడోరోజు వంకాయ కూర చేస్తూ, "వంకాయ, నాలుగు ముక్కలు. ఉప్పు, వేశాను. మొగుడు, పనికిమాలినవాడు" అని పెద్దగా పలికాడు. పడీ పడీ నవ్వాను. నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆయనకి క్షమాపణ రాయండి, మర్యాదగా.

మీరు చెప్పింది మొదలుపెట్టాను. మొదటిరోజు ఫ్రిజ్ ముందు నిలబడి "పాలు, ఉన్నాయి. పెరుగు, పులిసింది" అన్నాను. బస్‌స్టాపులో "బస్సు, మనది కాదు" అన్నాను. పక్కనున్న పెద్దావిడ నాకేసి చూసి కొంచెం జరిగింది. నాలుగైదు రోజులకి తేడా తెలిసింది. మందు చీటీ చదివి, సంచి మీద పేరు చదివి, పేషెంటు చేతి పట్టీ చదివి, మూడూ గొంతెత్తి పలికాకే తగిలిస్తున్నాను. చేతులు వణకడం తగ్గింది. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ "చెప్పులు, విప్పాను. ఇల్లు, వచ్చాను" అంటాను. ఆ ఒక్క మాటతో ఆస్పత్రి బయటే ఉండిపోతుంది. కిస్మిస్ నేర్పనిది మీరు నేర్పారు.

కానీ వార్డులో కొందరికి అది నచ్చలేదు. వినీత తనలో తనే మాట్లాడుకుంటోందని మేట్రన్ హైమవతిగారికి చెప్పారు. ఆవిడ నన్ను పిలిచి సెలవు తీసుకుంటావా అని అడిగారు, జాలిగా. నేను మీ గురించి చెప్పాను. మా మావయ్య రైలు డ్రైవరు, జీవితంలో ఒక్క తప్పూ చెయ్యలేదు, ఈ పద్ధతి ఆయనదే అని. లైను మీద పెద్ద బళ్ళు నడిపే మనిషి మా కోసం యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే షంటింగ్ ఉద్యోగం అడిగి తీసుకున్నారని కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు విన్నారు.

ఎంక్వైరీకి నా తరఫు కాగితం రాసి ఇచ్చేశాను. మీ వాక్యమే పెట్టాను: "సంచి తెచ్చిన సిస్టర్ లేబుల్ చదివి చెప్పి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు." రాసి సంతకం పెట్టాక గుండెల మీద బరువు దిగినట్టే అనిపించింది. రెండు గంటల తర్వాత మళ్ళీ ఎక్కింది. ఎందుకో తెలీదు.

అత్తకి నా ముద్దులు.
వినీత


ఖరగ్‌పూర్,
6 జూలై 2025

వినీతకి,

నిఖిలేష్‌కి క్షమాపణ ఈ కవర్లోనే వేరే కాగితం మీద పెట్టాను. వంకాయ కూరలో వాము కాస్త నలిపి వెయ్యమను, బాగుంటుంది.

ఇక్కడ వానలు. టోటోవాళ్ళు, అదే బ్యాటరీ రిక్షాలవాళ్ళు, ఖరిదా సందులో ఒకరి మీద ఒకరు ఎక్కి తోలుతున్నారు. ముందు చక్రానికి ముందు ఎవడున్నాడో చూసే పాపాన పోరు. నిన్న ఒకడిని ఆపి సిగ్నల్ పిలవడం నేర్పుదామనుకున్నాను. "ఠీక్ హై దాదూ, ఠీక్ హై" అని నా కాలి మీంచే పోనిచ్చాడు.

మీ అత్త మాగాయ పెట్టింది. వాన తగ్గాక పంపుతుంది.

ఆ పిల్ల లేబుల్ చదివిందా, చదవలేదా? నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ మళ్ళీ చదివాను. అందులో ఆ మాట లేదు. నేను తొందరపడి నీకు ఒక వాక్యం చెప్పాను. అది నీకు పనికిరాదేమో. కుదిరితే ఆ కాగితం వెనక్కి తీసుకో. ఎందుకని అడగకు.

బాబుని జాగ్రత్తగా చూసుకో.
కోటిలింగం


హైదరాబాద్,
13 జూలై 2025

మావయ్యా,

మీ ఉత్తరం నాకు బాధ కలిగించింది. ముందు మీరే రాయమన్నారు, ఇప్పుడు మీరే వెనక్కి తీసుకోమంటున్నారు. ఎందుకని అడగకూడదట. నేను చిన్నపిల్లనా?

మీరు నన్ను అనుమానిస్తున్నారు. పోనీ, అనుమానించండి. మీకేం తెలుస్తుంది చెప్పండి? ముప్పై ఏళ్ళు బండి నడిపి ఒక్క మచ్చ లేకుండా దిగిపోయిన మనిషి మీరు. చేతిలో ఒక ప్రాణం జారిపోబోతే ఎలా ఉంటుందో, ఆ తర్వాత అద్దంలో మొహం చూసుకోవాలంటే ఎలా ఉంటుందో మీకు తెలీదు. మంచివాళ్ళకి సలహాలు చెప్పడం సులువు.

ఎవాంజలిన్‌ని 28 దాటగానే ఇంటికి పంపేస్తారు. నిన్న బట్టలు మార్చుకునే గదిలో నా పక్కన కూర్చుంది. నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "అక్కా, ఆ రోజు నేను ఏం చేశానో నాకే సరిగ్గా గుర్తులేదు. మీరు రాశారంటే అదే జరిగి ఉంటుంది. తప్పు నాదేనేమో" అంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. వాళ్ళింట్లో మొదట ఉద్యోగం వచ్చింది దీనికే.

నేను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. రాజీనామా రాసి బీరువాలో పెట్టాను. ఎంక్వైరీలో నా మాట నెగ్గాక ఇచ్చేస్తాను. అప్పుడు ఎవరూ ఏమీ అనరు. పలకడం కూడా మానేశాను. నిన్న ఒక సంచి మీద పేరు గొంతెత్తి చదివాను, చదివాక చూస్తే నా కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి. పేరు సరైనదే. కానీ నేను చూడకుండా పలికాను. మీ పద్ధతి నాకు పనికిరాలేదు.

వినీత


ఖరగ్‌పూర్,
18 జూలై 2025
(స్పీడ్ పోస్ట్)

వినీతమ్మా,

ఈ ఉత్తరం మీ అత్త చదవలేదు. ఇందులో ఉన్నది ఆవిడకీ తెలీదు. నీకు చెప్పాక ఆవిడకి చెప్తాను.

1991 నవంబర్ 14. బొగ్గు నింపిన గూడ్స్ బండి. టాటానగర్ వైపు నుంచి ఇటు వస్తున్నాను. ఉదయం ఏడూ పది. ఎండ బాగా కాస్తోంది, మంచు లేదు, ఏ అడ్డూ లేదు. నా అసిస్టెంటు విల్‌ఫ్రెడ్. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, పెళ్ళయి మూడు నెలలు. మనిషి బక్కగా ఉన్నా గొంతు గంటలా ఉండేది. ఆ స్టేషన్ పేరు రాయను.

స్టేషన్ బయట సిగ్నల్ ఎరుపు. విల్‌ఫ్రెడ్ చెయ్యెత్తి పిలిచాడు. "రెడ్" అన్నాడు. నా నోరు "రెడ్" అంది. నా కళ్ళు చూడలేదు. నా చెయ్యి బ్రేకు మీదకి పోలేదు. వాడు ఇంకోసారి అరిచాడు. నేను "ఆ, ఆ" అన్నాను. అప్పుడు నేను దేని గురించి ఆలోచిస్తున్నానో తెలుసా? ఖరగ్‌పూర్ చేరగానే స్టేషన్ బయట పూరీ, ఆలూదమ్ తిందామని. ఆలూదమ్ అయిపోతుందేమోనని. ఇంట్లో చావో, రోగమో, గొడవో ఏదైనా ఉండి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. ఏమీ లేదు. పూరీ.

మూడోసారి వాడు నా భుజం పట్టి గుంజితే అప్పుడు చూశాను. ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. సిగ్నల్ దాటి చాలా దూరం పోయి ఆగింది. ముందు ప్లాట్‌ఫారం మీద ప్యాసింజర్ నిలబడి ఉంది. దాని చివరి పెట్టె వెనక పసుపురంగు గుర్తుంటుంది చూడు, దానికీ నా ఇంజన్‌కీ మధ్య ముప్పై అడుగులు. ఆ పెట్టె తలుపులో పాలక్యాన్ల మీద కూర్చున్న మనిషి నన్ను చూసి నవ్వాడు. నేను పలకరించడానికి వచ్చాననుకున్నాడు కాబోలు.

ఎంక్వైరీలో అడిగారు, "అసిస్టెంట్ సిగ్నల్ పిలిచాడా?" అని. నేను లేదన్నాను.

ఇదీ నేను చేసింది. విల్‌ఫ్రెడ్ "పిలిచాను సార్, మూడుసార్లు పిలిచాను" అన్నాడు. పదిహేనేళ్ళ సర్వీసున్న డ్రైవరు మాట విన్నారు గానీ ఏడాది తిరగని కుర్రాడి మాట ఎవరు వింటారు? నీకు నేను రాయలేదూ, పెద్దవాళ్ళ మాటకే విలువని. ఆ సంగతి నాకు అలా తెలుసు. నన్ను డ్రైవరు నుంచి షంటర్‌గా దింపారు, ఉద్యోగం ఉంచారు. వాడిని ఇంజన్ మీంచే దింపేశారు. వర్క్‌షాప్ స్టోర్స్‌లో కూర్చోబెట్టారు, రిటైరయ్యేదాకా అక్కడే. డ్రైవరు కావాలని ఎంత ఆశ ఉండేదో వాడికి. ఇంట్లో నేను పిల్లల కోసం యార్డు పని అడిగానని చెప్పాను. మీ అమ్మ నమ్మింది. నువ్వు నమ్మావు. నిన్ను సైకిల్ మీద బడికి దింపిన ఆ సంవత్సరాలన్నీ నాకు అలా దొరికినవే.

పలకడం నీకు పనికిరాలేదన్నావు. చూడకుండా పలికానన్నావు. అదే నా జబ్బు కూడా. వెయ్యిసార్లు పలికాక నోరు ఒక్కటే పని చేస్తుంది, మనిషి ఎక్కడికో పోతాడు. అందుకే తర్వాత నుంచి నేను ముందు అరక్షణం ఆగుతాను. ఊరికే చూస్తాను. చూశాకే నోరు తెరుస్తాను. నువ్వు వాకిట్లో విన్న గొణుగుడు, నాకున్న నిదానం, అంతా ఆ 14వ తేదీ తర్వాత వచ్చిందే. అంతకుముందు నేనూ మీ అందరిలాగే గాభరా మనిషిని. మీ అమ్మ ఉంటే సాక్ష్యం చెప్పేది.

నీకు ఏం చెయ్యమనీ చెప్పను. చెప్పే అర్హత లేదు. నేను నీకిచ్చిన వాక్యం ముప్పై నాలుగేళ్ళ కిందట నేను చెప్పిన అబద్ధం. అది మాత్రం నీ కాగితం మీద ఉండకూడదు. 28 లోగా ఇది నీకు అందాలని స్పీడ్ పోస్ట్ చేస్తున్నాను.

మావయ్యనని అనిపించుకునే ధైర్యం ఈ పూట లేదు,
కోటిలింగం


హైదరాబాద్,
30 జూలై 2025

మావయ్యా,

23న అందింది. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని చదివాను. మీరు "ఆ, ఆ" అన్నానని రాసిన చోట ఆగిపోయాను.

ఎవాంజలిన్ చదివింది మావయ్యా. మంచానికి అటు పక్క నిలబడి, "అక్కా, ఇది పొటాషియం, పక్క బెడ్‌ది" అంది. నేను "ఆ, ఆ" అన్నాను. అని తగిలించాను. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో పెట్టానా లేదా అని ఆలోచిస్తున్నాను. ఈ మాట నేను నిఖిలేష్‌కి కూడా చెప్పలేదు. కొన్నిరోజులు నాకు నేనే చెప్పుకోలేదు.

28న గదిలో హైమవతిగారూ, ఇద్దరు డాక్టర్లూ ఉన్నారు. ఎవాంజలిన్ తలొంచుకుని కూర్చుంది. నా కాగితం ఎదురుగా బల్ల మీద ఉంది. మీరు చెప్పినట్టు అరక్షణం ఆగాను. దాన్ని చూశాను, నా సంతకం చూశాను, ఆ పిల్ల జడ చూశాను. తర్వాత గొంతెత్తి పలికాను. "ఇది అబద్ధం. తను చదివి చెప్పింది. నేను విన్నాను, చూడలేదు" అన్నాను. చేతులు వణకలేదు.

నన్ను ఐసీయూ నుంచి తీసేశారు. ఏడాదిపాటు జనరల్ వార్డు, అక్కడ కూడా నా ప్రతి మందునీ ఇంకొకరు సరిచూడాలి. పదకొండేళ్ళ సర్వీసు తర్వాత కొత్తపిల్లలా. సిగ్గుగా ఉంది. జరిగిన పొరపాటుకి కాదు, అబద్ధం రాసినందుకు ఇంకా ఎక్కువ శిక్ష వేసి ఉండాల్సిందని హైమవతిగారు మొహం మీదే అన్నారు. ఎవాంజలిన్ ఐసీయూలోనే ఉంది. నాతో మాట్లాడదు. కారిడార్‌లో ఎదురైతే గోడవైపు చూస్తుంది. చూడనివ్వండి. రాజీనామా చించేశాను. వెళ్ళిపోతే నాకు సులువుగా ఉండేది.

మీ మీద కోపంగా ఉంది. రెండుసార్లు కోపం వచ్చింది, ఒకసారి నాకు ఆ వాక్యం ఇచ్చినందుకు, ఇంకోసారి మీరు నేననుకున్న మనిషి కానందుకు. సైకిల్ కడ్డీ మీద కూర్చున్న రోజులు తలచుకుంటే ఇప్పుడు వేరే ఎవరో కుర్రాడు ఇంజన్ దిగి స్టోర్స్‌లోకి నడుస్తూ కనిపిస్తున్నాడు. ఆ రోజులు నాకు చాలా ఇష్టం మావయ్యా. ఇప్పుడూ ఇష్టమే. ఏం చెయ్యాలో తెలీడం లేదు.

ఒకటే అడుగుతాను. విల్‌ఫ్రెడ్‌గారు ఉన్నారా?

వినీత


ఖరగ్‌పూర్,
9 ఆగస్టు 2025

వినీతమ్మా,

ఉన్నాడు. ఇక్కడే సౌత్ సైడ్‌లో కూతురు ఏంజెలా దగ్గర ఉంటున్నాడు. ఇన్నేళ్ళలో గోల్ బజార్‌లో నాలుగైదుసార్లు ఎదురుపడ్డాం. నేను సందు మారేవాణ్ణి.

ముందు మీ అత్తకి చెప్పాను. అంతా విని పొయ్యి కట్టేసింది. "పద, ఇప్పుడే ఎల్దాం" అంది. "రేపు ఎల్దామే" అంటే, "ముప్పై నాలుగేళ్ళు రేపే అన్నావు కదేటి" అని చీర మార్చుకోకుండానే టోటో పిలిచింది. ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

విల్‌ఫ్రెడ్ వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు. నన్ను చూసి లేవబోయాడు. "లింగం! అరే లింగం! ఏటి దారి తప్పినావు?" అని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకోలేకపోయాను. నిలబడే చెప్పాను. పూరీ సంగతి కూడా చెప్పాను. ఎంక్వైరీలో నువ్వు పిలవలేదని అబద్ధమాడినాను అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే వాడు క్షమించాల్సి వస్తుంది, వాడి గుణం అది.

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. వాడి పెదాలు కదులుతున్నాయి. నేను దగ్గరికి వంగాను.

"సచ్ బోల్ లింగం, నిజం చెప్పు. నేను పిలిచినానా?"

"పిలిచినావు."

"రెడ్ అన్నానా? నా నోటితో అన్నానా?"

"మూడుమాట్లు అన్నావు. నా భుజం పట్టి గుంజినావు."

వాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నువ్వు అంత పెద్ద డ్రైవర్‌వి కదా, నువ్వు అబద్ధం ఎందుకాడతావు అనుకున్నాను. మొదట్ల పిలిచినాననే అన్నాను. తరవాత తరవాత నాకే అనుమానం వొచ్చీసింది. పిలిచినాననుకుంటన్నాను గానీ పిలవనేదేమో, నా బుర్రే తప్పేమో అని. ఇంట్లో ఏటి చెప్పినా నా మాట నానే నమ్మీవాణ్ణి కాదు. పెళ్ళాం పోయినప్పుడు కూడా, మందు టైముకి ఇచ్చినానా నేదా అని..." అని ఆగిపోయాడు.

మీ అత్త ఏడుస్తోంది. నేను ఏడవలేదు. ఏడ్చే హక్కు వాడిది. పిలిచినావు, పిలిచినావు అని మళ్ళీ మళ్ళీ అంటూ నిలబడ్డాను, వాడు అడిగినన్నిసార్లూ. ఎన్నిసార్లు అడిగాడో చెప్పలేను. కొంతసేపటికి చేతులు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నాకేసి చూడలేదు. ఇంటిలోపలికి తిరిగి, ఇంజన్లో ఉన్నప్పటి గొంతుతో కేకేశాడు.

"ఏంజెలా! ఇలా రా బేటీ, తొందరగా రా. నేను పిలిచినానంట!"

కోటిలింగం